ఐదు పొరల మడత

సంక్రాంతికి కజ్జికాయలు వత్తేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పూర్ణం ఎంత రుచిగా కుదిరినా, నూనె ఎంత సరిగ్గా కాగినా చివరికి పనంతా అంచు దగ్గరే తేలుతుంది. పూరీని పూర్ణం మీదికి మడిచి, అంచు తడిచేసి, వేలికొసలతో కొద్దికొద్దిగా మెలితిప్పుకుంటూ వస్తారు. ఆ అంచులో రెండు రవ్వపలుకులు ఇరుక్కున్నా చాలు. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, మూకుట్లో పడ్డాక నోరు తెరుస్తుంది. పూర్ణం బయటపడి మాడుతుంది, ఆ వాసన వాయి మొత్తానికి పడుతుంది.

ఆహారం నింపే రేకు డబ్బాకి కూడా ప్రాణం అంచులోనే ఉంది. చిత్తూరు వైపు జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి గుజ్జు నింపే పెద్ద డబ్బానే తీసుకోండి. 3.1 కిలోలు పడుతుంది. మూతి చుట్టుకొలత అర మీటరుకి కాస్త తక్కువ. ఆ పొడుగునా మూత, డబ్బా కలిసిన చోట సూక్ష్మజీవి దూరే సందు ఒక్కటి కూడా ఉండకూడదు. మామూలు బాక్టీరియా పరిమాణం మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం దానికి సుమారు 70 రెట్లు. అంటే వెంట్రుక పట్టని సందు కూడా బాక్టీరియాకి వీధి గుమ్మమంత.

అంత సన్నని సందుని కంటితో వెతికి పట్టుకోలేం. నిమిషానికి వందల డబ్బాలు బయటికొచ్చే చోట ఒక్కొక్కదాన్నీ భూతద్దం కింద పెట్టలేం. అందుకని ఈ రంగంలోవాళ్ళు సందుని వెతకరు. సందు పుట్టడానికి వీలిచ్చే పరిస్థితులని కొలుస్తారు. మడత ఆకారం ఎలా ఉండాలో తెలుసు. అది ఎక్కడ, ఎంత తప్పిందో చూసి, ఆ తప్పు యంత్రంలో ఏ భాగం దగ్గర పుట్టిందో వెనక్కి లెక్కగడతారు. ఒంటి మీద కనిపించే లక్షణాన్ని బట్టి లోపలి జబ్బుని పట్టే వైద్యుడి పనికి ఇది చాలా దగ్గర.

చల్లబడేటప్పుడు పీల్చే గుక్క

కారిపోయేంత చిల్లు ఉంటే ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించని సందుతో అంత ప్రమాదం ఎందుకు? దానికి జవాబు డబ్బా చల్లబడే కొద్ది నిమిషాల్లో ఉంది.

మాంసం, చేప, బఠానీ లాంటి పులుపు లేని ఆహారాన్ని డబ్బాలో నింపి, మూత బిగించాక, రిటార్ట్ అనే ఆవిరి పాత్రలో పెడతారు. మన ప్రెషర్ కుక్కర్‌కి అది పెద్దన్న. లోపల 121 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. క్లాస్ట్రీడియం బొటులినం అనే బాక్టీరియా గింజలు, అంటే స్పోర్‌లు, మరిగే నీటికి చావవు కాబట్టి అంత వేడి కావాలి. మామిడి గుజ్జు పులుపు సరుకు, దాని పీహెచ్ 4.6 కంటే తక్కువ. ఆ పులుపులో బొటులినం పెరగలేదు కనుక మరిగే నీటి వేడి సరిపోతుంది. ఏదైనా సరే, వేడి చేశాక వెంటనే నీటితో చల్లబరచాలి.

అసలు గండం ఇక్కడే ఉంది. డబ్బాలోని ఆవిరి చల్లబడి నీరు కాగానే లోపల శూన్యం ఏర్పడుతుంది. అప్పటిదాకా వేడికి వ్యాకోచించిన రేకు ఇంకా సర్దుకోలేదు. మడతలో ఉన్న రబ్బరు లాంటి పూత ఇంకా మెత్తగానే ఉంది. చుట్టూ నీళ్ళు. మడతలో ఎక్కడ బలహీనత ఉన్నా డబ్బా అక్కడినుంచి ఒక గుక్క పీల్చుకుంటుంది. ఒక నీటి బొట్టులో వెయ్యో వంతు చాలు. పూర్తిగా చల్లబడ్డాక పూత గట్టిపడి ఆ దారి మూసుకుపోవచ్చు కూడా. తర్వాత ఎంత పరీక్షించినా సందు దొరకదు. క్రిమి మాత్రం లోపల మిగిలిపోతుంది.

అందుకే చల్లబరిచే నీటిలో క్లోరిన్ కలుపుతారు. తడిగా, వేడిగా ఉన్న డబ్బాలని చేతులతో ముట్టుకోనివ్వరు. మంచి మడత మొదటి కాపలా, మంచి నీరు రెండో కాపలా. రెండూ ఒకేసారి తప్పితే ఏమవుతుందో 1964 మే నెలలో స్కాట్లండ్‌లోని అబర్డీన్ పట్టణం చూసింది. అక్కడ 400 మందికి పైగా టైఫాయిడ్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. ఆరా తీస్తే దారి ఒక దుకాణంలో ముక్కలు కోసి అమ్మిన కార్న్‌డ్ బీఫ్ డబ్బా దగ్గరికి తేలింది. ఆ పెద్ద డబ్బా దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దాన్ని చల్లబరచడానికి శుద్ధి చెయ్యని నదీజలం వాడి ఉంటారని, మడతలోని సందుగుండా క్రిమి లోపలికి చేరి ఉంటుందని విచారణ జరిపినవాళ్ళు తేల్చారు. దుకాణంలో మాంసం కోసే యంత్రం ఆ క్రిమిని మిగతా మాంసాలకీ అంటించింది.

ఈ ఉదంతంలో గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. టైఫాయిడ్ క్రిమి వాయువు పుట్టించదు. అది లోపల పెరిగినా డబ్బా ఉబ్బదు. వాసన కూడా పట్టివ్వకపోవచ్చు. ఉబ్బిన డబ్బా కనీసం తన జబ్బు తాను చెప్పుకుంటుంది. ఉబ్బని డబ్బా గురించి చెప్పవలసిన బాధ్యత, దాని మూత బిగించిన రోజున మడతని కొలిచినవాళ్ళదే.

రెండు రోల్‌ల పని

డబ్బాలకి మొదట్లో మడత లేదు, టంకమే. ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ గాజు సీసాల్లో ఆహారం నిలవచేసే పద్ధతిని 1810లో పుస్తకంగా వెలువరించాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత చాలా ఏళ్ళపాటు పనివాళ్ళు మూతల్ని సీసం కలిసిన టంకంతో చేత్తో అతికారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే వేళకి అమెరికాలో టంకం అక్కర్లేని జంట మడత వాడుకలోకి వచ్చింది. దాన్నే డబుల్ సీమ్ అంటారు. ఈనాటికీ డబ్బా మూత బిగించేది ఈ పద్ధతిలోనే.

దీన్ని చేతులతోనే అర్థం చేసుకోవచ్చు. ఎడమచేతి వేళ్ళని కొక్కేల్లా కిందికి వంచండి. కుడిచేతి వేళ్ళని పైకి వంచి వాటిలో తగిలించి లాగండి. ఎడమచెయ్యి డబ్బా, కుడిచెయ్యి మూత. డబ్బా అంచుని ముందే బయటికి వంచి ఉంచుతారు, దాన్ని ఫ్లాంజ్ అంటారు. మూత అంచు గుండ్రంగా లోపలికి తిరిగి ఉంటుంది. ఆ మలుపు లోపల సీలింగ్ కాంపౌండ్ పూత ఉంటుంది.

నింపిన డబ్బా మీద మూత పెట్టగానే కింది పళ్ళెం, అంటే బేస్ ప్లేట్, డబ్బాని పైకి నొక్కుతుంది. పైనుంచి చక్ అనే ఉక్కు బిళ్ళ మూత గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. ఈ రెండింటి మధ్యా డబ్బా బిగుసుకున్నాక మొదటి రోల్, అంటే గాడి ఉన్న ఉక్కు చక్రం, పక్కనుంచి వచ్చి మూత అంచుని ఫ్లాంజ్ కిందికి చుడుతుంది. కొక్కెంలో కొక్కెం పడేది ఇప్పుడే. తర్వాత రెండో రోల్ వచ్చి ఆ చుట్టుని గట్టిగా అదిమి చదును చేస్తుంది. పొరల మధ్య మిగిలిన సందుల్లోకి కాంపౌండ్ పాకి నిండుతుంది. ఒక్క డబ్బాకి ఇదంతా సెకనులోపే జరిగిపోతుంది.

మడతని అడ్డంగా కోసి చూస్తే ఐదు పొరలు కనిపిస్తాయి. బయటినుంచి లోపలికి లెక్కపెడితే మూత, డబ్బా, మూత, డబ్బా, మూత. కిందికి వంగిన డబ్బా అంచు బాడీ హుక్. పైకి వంగిన మూత అంచు కవర్ హుక్. ఇవి రెండూ ఒకదాన్నొకటి ఎంత మేర కప్పుకున్నాయో అది ఓవర్‌ల్యాప్. డబ్బా భద్రత అంతా ఈ ఓవర్‌ల్యాప్ ఎంత ఉంది, అది ఎంత బిగిసి ఉంది అన్న రెండు ప్రశ్నల మీద నిలబడుతుంది. రేకు బలాన్నిస్తుంది, కాంపౌండ్ గాలి, నీరు చొరబడకుండా ఆపుతుంది. రేకు బిగువు లేకపోతే కాంపౌండ్ ఒక్కటీ ఆపలేదు.

కన్ను, బొటనవేలు

పరీక్షలో మొదటి మెట్టుకి ఏ పరికరమూ అక్కర్లేదు. పులుపు లేని ఆహారం నింపే కర్మాగారాల విషయంలో అమెరికా నియమావళి ఒక గడువు పెట్టింది. పైపై పరీక్షకి, పరీక్షకి మధ్య 30 నిమిషాలు మించకూడదు. నిమిషానికి 300 డబ్బాలు వచ్చే లైనులో 30 నిమిషాలంటే 9,000 డబ్బాలు. లోపం ఆలస్యంగా పట్టుబడితే అన్నిటినీ పక్కన పెట్టాలి.

పరీక్షించేవాళ్ళు డబ్బాని చేతిలోకి తీసుకుని మడత వెంబడి లోపలా బయటా బొటనవేలు తిప్పుతారు. కన్ను దాటేసినదాన్ని వేలు పట్టుకుంటుంది. మడత కింది అంచు ఒకచోట నునుపుగా కిందికి జారి ఉంటే దాన్ని డ్రూప్ అంటారు. కొవ్వొత్తి పక్కన కారిన మైనంలా ఉంటుంది. ఆ జారుడు కోసుగా, ఇంగ్లీషు వీ అక్షరంలా ఉంటే దాని పేరే వీ. అక్కడ మూత అంచు లోపలికి మడత పడకుండా బయటికి తోసుకొచ్చిందన్నమాట. ఆ చోట ఓవర్‌ల్యాప్ దాదాపు ఉండదు. ఈ రెండూ డబ్బా పక్క అతుకు ఉన్నచోట ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ రేకు మీద రేకు పడి మందం పెరుగుతుంది.

మడత లోపలి పైఅంచు మీద వేలు జారుతుంటే కత్తి అంచు తగిలినట్టు గరుకుగా ఉందనుకోండి. రేకు చక్ పైకి ఎక్కి పదునెక్కిందని అర్థం. ఆ పదును పగులుగా మారితే కట్-ఓవర్ అంటారు. చక్ అరిగిపోయినా, రోల్‌ని అతిగా బిగించినా, చక్, రోల్ ఎత్తు తేడాగా ఉన్నా, మడతలో సరుకు ఇరుక్కున్నా ఇలా జరుగుతుంది.

మడత సగం దూరం చక్కగా ఉండి మిగతా సగం వదులుగా, లావుగా ఉంటే అది డెడ్ హెడ్. బిగించేటప్పుడు డబ్బా చక్ మీద పట్టు తప్పి జారింది. చక్‌కి నూనో జిడ్డో అంటి ఉండవచ్చు. చక్ అరిగి ఉండవచ్చు. బేస్ ప్లేట్ ఒత్తిడి చాలకపోయి ఉండవచ్చు.

అన్నిటికన్నా భయపడవలసింది ఫాల్స్ సీమ్, దొంగ మడత. బాడీ హుక్, కవర్ హుక్ ఒకదానిలో ఒకటి పడకుండా పక్కపక్కన మడుచుకుని ఒత్తుకుని ఉంటాయి. చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కనిపిస్తాయి కానీ పట్టుకుని ఉండవు. ఒక్కోసారి డబ్బా ఫ్లాంజ్ మడత కింద సన్నగా తొంగి చూస్తుంది. అప్పుడు ఇట్టే దొరుకుతుంది. తొంగి చూడకపోతే బయటి కొలతలన్నీ దాదాపు సరిగ్గానే ఉండవచ్చు. మూత పెట్టకముందే ఫ్లాంజ్ ఎక్కడో తగిలి వంగడం, మూత అంచు నొక్కుకుపోవడం, మూత డబ్బా మీద సరిగ్గా కూర్చోకపోవడం దీనికి కారణాలు. దీన్ని తలుచుకుంటే, కంటి పరీక్షతో ఎందుకు ఆగకూడదో తెలుస్తుంది.

కోసి చూస్తే

అదే అమెరికా నియమావళి ప్రకారం కనీసం నాలుగు గంటలకొకసారి మడతని విప్పి చూడాలి. లైను జామ్ అయినప్పుడూ, యంత్రాన్ని సర్దినప్పుడూ పైపై పరీక్ష మళ్ళీ చెయ్యాలి. మడత వేసే యంత్రం, అంటే సీమర్, ఆరు హెడ్‌లున్నదైతే ఒక్కో హెడ్ నుంచి ఒక డబ్బా చొప్పున ఆరు తీసి, హెడ్ నంబరు వాటి మీద రాసుకుంటారు. మంచి డబ్బాల్నే తీసి నాశనం చేస్తారు. మిగతా వేల డబ్బాల్ని నమ్మడానికి చెల్లించే వెల అది.

మొదట విప్పకముందు కొలతలు. మూత గుంట లోతు, మడత మందం, మడత పొడుగు. మైక్రోమీటరుని మడత మీద సమంగా ఆనించి, పక్క అతుకు ఉన్నచోటు వదిలేసి, చుట్టూ సమదూరంలో మూడు చోట్ల చూస్తారు. గడియారం మీద చెప్పాలంటే 12, 4, 8 అంకెల దగ్గర. మడత అన్నివైపులా ఒకేలా ఉండాలని లేదు కాబట్టి ఒక్క చోట కొలిస్తే చాలదు.

తర్వాత మూత మధ్యభాగాన్ని కోసి తీసేస్తారు. అంచు వెంబడి మిగిలిన రేకు పట్టీని కటింగ్ ప్లేయర్‌తో ఒకచోట తుంచి, ఒలిచి లాగేస్తారు. ఇక మిగిలిన బయటి అంచుని మెల్లగా కిందికి తడితే కొక్కెంలోంచి కొక్కెం వదిలి, కవర్ హుక్ ఒక గాజులా ఊడి చేతిలోకి వస్తుంది. డబ్బా మూతికి బాడీ హుక్ మిగులుతుంది. ఇప్పుడు రెండు హుక్‌లనీ విడివిడిగా కొలవచ్చు.

ఊడిన ఆ గాజుని వెలుతురులో తిప్పి చూడటం ఈ పరీక్షలో నేర్పుగా చెయ్యవలసిన పని. దాని లోపలి అంచు వెంబడి చిన్న చిన్న ముడతలు కనిపిస్తాయి. అవి ఎందుకు పడతాయో పరికిణీ కుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎక్కువ బట్టని తక్కువ చుట్టుకొలతలోకి కుదిస్తే నడుము దగ్గర కుచ్చులు పడతాయి. మూత అంచు కూడా ఫ్లాంజ్ కిందికి మడత పడేటప్పుడు పెద్ద చుట్టులోంచి చిన్న చుట్టులోకి వస్తుంది. మిగులు రేకు కుచ్చులు పడుతుంది. రెండో రోల్ ఆ కుచ్చుల్ని ఇస్త్రీ చేసినట్టు చదును చెయ్యాలి. కుచ్చు హుక్ పొడుగులో పావు వంతు దగ్గర ఆగిపోతే బిగువు 75 శాతం అని రాస్తారు. సగం దాకా పాకితే 50 శాతం. చాలా డబ్బాలకి ఇది 70 శాతానికి తగ్గకూడదంటారు. కుచ్చు అంటే రెండు పొరల మధ్య ఒక సన్నని కాలువ. అది హుక్ అడ్డంగా ఎంత పాకితే బాక్టీరియాకి అంత దారి తెరుచుకున్నట్టు.

ఓవర్‌ల్యాప్‌ని నేరుగా కొలవాలంటే మడతని సన్నని రంపంతో అడ్డంగా కోసి, ప్రొజెక్టరులో పెద్దది చేసి చూడాలి. మైక్రోమీటరు మాత్రమే ఉన్నచోట చిన్న లెక్క చాలు. రెండు హుక్‌ల పొడుగూ, మూత రేకు మందమూ కూడి, అందులోంచి మడత పొడుగు తీసేస్తే ఓవర్‌ల్యాప్ వస్తుంది. బాడీ హుక్ 2.03, కవర్ హుక్ 1.98, మూత రేకు 0.22, మడత పొడుగు 3.05 మిల్లీమీటర్లు అనుకుందాం. మొదటి మూడూ కలిపితే 4.23, అందులోంచి 3.05 పోతే 1.18 మిల్లీమీటర్లు. ఈ కొలతల డబ్బాకి అది నమ్మదగిన పట్టు.

ఇప్పుడు కవర్ హుక్ ఒక్కటే 1.60కి తగ్గిందనుకోండి. ఓవర్‌ల్యాప్ 0.80కి పడిపోతుంది. మూడో వంతు పట్టు పోయింది. బయటి మందం మాత్రం మారలేదు. మూడు పొరల మూత రేకు 0.66, రెండు పొరల డబ్బా రేకు, ఒక్కొక్కటి 0.18 చొప్పున, 0.36. మొత్తం 1.02. మైక్రోమీటరు 1.20 చూపిస్తుంటే మిగిలిన 0.18 కాంపౌండ్ నిండవలసిన జాగా. ఈ అంకె బాగానే ఉందని తృప్తి పడినవాళ్ళకి లోపల కొక్కెం కురచ అయిన సంగతి తెలిసే వీలు లేదు. ఏ ఒక్క కొలతా ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. అన్నీ కలిపి చదవాలి.

లక్షణం ఒకచోట, కారణం ఇంకొకచోట

కవర్ హుక్ కురచ అయిందని తేలింది. ఎవరి తప్పు? అదిమేది రెండో రోల్ కాబట్టి దాన్నే బిగించాలని చెయ్యి ముందుకి పోతుంది. కానీ రెండో రోల్ చేసేది చదును మాత్రమే. రేకుని ఎంత మేర లోపలికి మడవాలో నిర్ణయించేది మొదటి రోల్. అది వదులుగా ఉన్నా, దాని గాడి అరిగిపోయినా మూత అంచు ఫ్లాంజ్ కిందికి పూర్తిగా చేరదు. మూత గుంట మరీ లోతైనా హుక్‌కి రేకు చాలదు. ఈ స్థితిలో రెండో రోల్‌ని బిగిస్తే లేని హుక్ పుట్టదు. రేకు సాగి మడత పొడుగవుతుంది, లోపలి మూల పదునెక్కుతుంది. ఒక లోపం మీద ఇంకో లోపం చేరుతుంది. అనుభవమున్న మెకానిక్ మొదటి రోల్ వేసిన చుట్టు చూడకుండా రెండో రోల్ జోలికి పోడు. రెండో రోల్‌ని పక్కన పెట్టి, మొదటి చుట్టు మాత్రమే పడిన డబ్బాని తీసి చూస్తాడు.

బాడీ హుక్ కథ వేరు. దాని మూలం కింది పళ్ళెం దగ్గర ఉంటుంది. బేస్ ప్లేట్ గట్టిగా నొక్కితే డబ్బా అంచు పైకి ఎక్కువగా తోసుకొచ్చి బాడీ హుక్ పొడుగవుతుంది. ఒత్తిడి చాలకపోయినా, పళ్ళేనికీ చక్‌కీ మధ్య ఎడం ఎక్కువైనా కురచ అవుతుంది. డబ్బాకి మొదటే ఫ్లాంజ్ సరిగ్గా రాకపోయినా అంతే. కనుక ఓవర్‌ల్యాప్ తగ్గిందన్న ఒక్క లక్షణానికి రెండు దారులున్నాయి. ఏ హుక్ కురచో తెలిస్తే ఏ స్పానర్ అందుకోవాలో తెలుస్తుంది.

ఇంకో పెద్ద ఆధారం లోపం ఎక్కడెక్కడ పడుతోంది అన్నది. మామిడి గుజ్జు లైనులో ఒక మధ్యాహ్నం డ్రూప్‌లు కనిపిస్తున్నాయనుకుందాం. ఆరు హెడ్‌లలో 4వ నంబరు డబ్బాకే, ప్రతిసారీ వస్తుంటే ఆ హెడ్ చక్‌నో రోల్‌నో విప్పి చూడాలి. ఆరింటికీ పక్క అతుకు దగ్గరే వస్తుంటే డబ్బా తయారీ వైపు చూడాలి. కొత్త బ్యాచ్ మూతలు తెరిచినప్పటినుంచే మొదలైతే కాంపౌండ్ ఎక్కువ పూశారేమోనని అనుమానించాలి. హెడ్‌తో గాని, చోటుతో గాని సంబంధం లేకుండా ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ వస్తుంటే సీమర్‌ని వదిలేసి నింపే చోటికి నడవాలి. డబ్బా పొర్లేలా నింపుతున్నారేమో, గుజ్జు పీచు ఫ్లాంజ్ మీద పడుతోందేమో. మడత విప్పి చూస్తే రెండు హుక్‌ల మధ్య పసుపుపచ్చని పీచుపోగు అంటుకుని కనిపిస్తుంది. కజ్జికాయ అంచులో ఇరుక్కున్న రవ్వపలుకు ఇదే. యంత్రంలో ఏ స్క్రూ తిప్పినా ఈ జబ్బు నయం కాదు. నింపే మట్టం తగ్గించాలి, అంచు శుభ్రంగా ఉంచాలి.

లాగ్‌బుక్‌లో టైము, హెడ్ నంబరు, ప్రతి కొలతా రాయమని అంత పట్టుబట్టేది ఇందుకే. ఒక్క పూట అంకెలు లోపాన్ని మాత్రమే చెబుతాయి. వరసగా పది పూటల అంకెలు అది ఎటునుంచి వస్తోందో చెబుతాయి. కవర్ హుక్ రోజురోజుకీ వెంట్రుకవాసి తగ్గుతూ ఉంటే రోల్ అరుగుతోందన్నమాట. హద్దు దాటకముందే మార్చవచ్చు.

చెడిన డబ్బాని అడిగితే

ఇంత చేసినా కొన్ని డబ్బాలు గోదాములో ఉబ్బుతాయి. ఉబ్బిన ప్రతి డబ్బాకీ మడతే కారణమనుకోవడం పొరపాటు. ఇక్కడ వైద్యం సూక్ష్మదర్శిని దగ్గరికి చేరుతుంది. 1895లో విలియం అండర్‌వుడ్ అనే డబ్బా ఆహార వ్యాపారి తన చెడిన డబ్బాలు పట్టుకుని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్ళాడు. అక్కడ శామ్యూల్ ప్రెస్కాట్ అనే శాస్త్రవేత్తతో కలిసి కొన్నేళ్ళు పనిచేసి, వేడిని తట్టుకునే బాక్టీరియా మిగిలిపోవడం వల్ల డబ్బాలు చెడుతున్నాయని చూపించాడు.

ఆ దారిలోనే ఈరోజు రోగనిర్ణయం నడుస్తోంది. చెడిన డబ్బాలోని పదార్థంలో ఒకే రకం కడ్డీ ఆకారపు బాక్టీరియా, అదీ గింజకట్టే జాతి మాత్రమే కనిపిస్తే వేడి చాలలేదని అనుమానిస్తారు. ఆ వేడికి బతకగలిగేది అదొక్కటే మరి. అప్పుడు ఒకే వాయిలో ఉడికిన డబ్బాలు చాలా చెడి ఉంటాయి. అలా కాకుండా గుండ్రనివి, కడ్డీలు, ఈస్ట్‌లు కలగాపులగంగా కనిపిస్తే అవి వేడికి బతికినవి కావు, తర్వాత దూరినవి. సందు ఉంది. ఇలాంటి డబ్బాలు సరుకులో అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉంటాయి. లోపలి పదార్థం పులిసినా డబ్బా ఉబ్బకపోతే వేడిలో పెరిగే బాక్టీరియా పని. డబ్బాల్ని నిదానంగా చల్లబరిచినా, వేడి గోదాములో పెట్టినా అలా జరుగుతుంది. ఏ క్రిమీ లేకుండా ఉబ్బితే పులుపు రేకుని తిని హైడ్రోజన్ పుట్టించి ఉంటుంది.

సందు ఉందని తేలితే ఖాళీ చేసి కడిగిన డబ్బాలోకి గాలి పంపి, నీటిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తారు. బుడగ వచ్చిన చోట మడత విప్పుతారు. బుడగలు రానంత మాత్రాన డబ్బా నిర్దోషి కాదు. వేడిగా ఉన్న ఆ కొద్ది నిమిషాలే తెరుచుకున్న దారి ఇప్పుడు మూసుకుని ఉండవచ్చు. అప్పుడు మళ్ళీ లాగ్‌బుక్కే దిక్కు. ఆ డబ్బా కోడ్ ప్రకారం అది బయటికొచ్చిన పూట ఆ హెడ్ కొలతలు ఏం చెప్పాయో చూస్తారు.

మన చేతికి వచ్చినప్పుడు

హైదరాబాదులో కొన్న బేబీ కార్న్ డబ్బా అయినా, డాలస్‌లోనో దుబాయ్‌లోనో మనవాళ్ళు ఇండియన్ స్టోర్‌లో కొనుక్కునే మామిడి గుజ్జు డబ్బా అయినా చూడవలసిన పద్ధతి ఒకటే. పక్కన మధ్యలో పడిన చిన్న సొట్ట పెద్ద ప్రమాదం కాదు. మడత మీద పడిన సొట్టని మాత్రం నమ్మకండి. లోపల ఐదు పొరలూ కదిలి ఉండవచ్చు. మూత ఉబ్బినా, నొక్కితే టప్పుమని లోపలికి పోయి మళ్ళీ లేచినా, మడత చుట్టూ జిగటగా ఉన్నా, తుప్పు లోతుగా తిన్నా వద్దు. అనుమానం ఉన్నదాన్ని నాలుక మీద వేసి రుచి చూడొద్దు. బొటులినం విషానికి రుచి చూసేంత కూడా ఎక్కువే.

ఒక పని మాత్రం తప్పక చేసి చూడండి. ఖాళీ అయిన డబ్బాని కడిగి ఆరబెట్టండి. మూత కోసి తెరిచినా మడత సాధారణంగా మూతికే ఉండిపోతుంది. లేకపోతే డబ్బా అడుగున ఉన్న మడత చూడండి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, సన్నపాటి ఆకురాయితో ఆ మడతని ఒకచోట అడ్డంగా, పైనుంచి కిందిదాకా అరగదీయండి. మెత్తని గరుకు కాగితంతో నునుపు చేసి, పొడి తుడిచి, భూతద్దంతో చూడండి. మెరిసే సన్నని గీతలు కనిపిస్తాయి. బయటినుంచి లెక్కపెట్టండి. మూత, డబ్బా, మూత, డబ్బా, మూత. మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చిన్న కొక్కేలు. వాటి మధ్య నల్లగానో బూడిదరంగులోనో కనిపించే చార కాంపౌండ్. ఆ రెండు కొక్కేలు కప్పుకున్న మేర మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. మీరు తిన్నదాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది ఆ కాస్తే. ఎవరో ఒకరు ఆ పూట కొన్ని మంచి డబ్బాల్ని కోసి, ఆ మేరని కొలిచి, అంకె రాసి పెట్టారు.